చందా లేని చందాదారులు: వెబ్ ఫీడుల చరిత్ర

మాసపత్రికకు చందా కట్టినవాడు ప్రతిదినము పత్రికా కార్యాలయమునకు పోయి "కొత్త సంచిక వెలువడినదా?" అని అడుగనక్కరలేదు. సంచిక వెలువడిన పిమ్మట తపాలా జవాను దానిని ఇంటికి తెచ్చి ఇచ్చును. కోరిన పత్రికలన్నియు వచ్చును, కోరనిది రాదు, వద్దనుకొన్ననాడు మానివేయవచ్చును. ఇంతకన్న సహజమైన ఏర్పాటు వేరొకటి లేదని తోచును. కాని వెబ్‌పై ఇట్టి ఏర్పాటు చాలకాలము లేదు. ఒక సైటులో కొత్త విషయము చేరినదో లేదో తెలియవలెనన్న పాఠకుడు తానే అచటికి పోయి చూడవలసి యుండెను. పది సైట్లున్నచో పది మారులు, నూరున్నచో నూరు మారులు పోవలెను. అందులో తొంబది మారులు వట్టి చేతులతో తిరిగి రావలెను. ఈ చిక్కును తీర్చుటకు 1999లో పుట్టిన సాధనమే వెబ్ ఫీడు. దాని చరిత్రలో యంత్రనైపుణ్యముకన్న మానవస్వభావమే ఎక్కువగా కనబడును. చదువువాడు ఏమి చదువవలెను, ఏ వరుసలో చదువవలెను అను నిర్ణయము ఎవరి చేతిలో ఉండవలెనను వివాదము అందులో ఆద్యంతము వినవచ్చును.

ఈ ప్రశ్న వెబ్‌తో పుట్టినది కాదు. శాస్త్రపత్రికలు వేలకొలది పెరిగినపుడే శాస్త్రజ్ఞులను ఇది బాధించెను. రసాయనశాస్త్ర వ్యాసముల సారాంశములను ఒకచో చేర్చు 'కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్' 1907లోనే అమెరికాలో ప్రారంభమైనది. 1950 తరువాత రెండు కొత్త మార్గములు వెలువడినవి. ఫిలడెల్ఫియా నగరమున యూజీన్ గార్ఫీల్డ్ పలు పత్రికల విషయసూచికలను మాత్రమే సేకరించి, 'కరెంట్ కంటెంట్స్' అను పేర అచ్చువేసి చందాదారులకు పంపసాగెను. సూచికను చూచి ఏ వ్యాసము తనకు కావలెనో శాస్త్రజ్ఞుడే తేల్చుకొనును. ఐ.బి.ఎమ్. సంస్థలో పనిచేయుచుండిన హాన్స్ పీటర్ లూన్ ఇంకొక మార్గము చూపెను. ఒక్కొక్కరికి ఏయే విషయములందు ఆసక్తి కలదో యంత్రము పదముల పట్టికగా ఉంచుకొని, కొత్తగా వచ్చిన పత్రములను ఆ పట్టికతో సరిపోల్చి, తగినవానిని వారికి అందజేయు పద్ధతిని ఆయన 1958లో ప్రకటించిన వ్యాసమున వర్ణించెను. మొదటి మార్గమున ఎన్నిక పాఠకునిది. రెండవ మార్గమున ఎన్నిక యంత్రముది. వెబ్ ఫీడు గార్ఫీల్డ్ సూచికకు దగ్గరి చుట్టము. లూన్ ఆలోచనకు వారసులెవరో మున్ముందు తెలియును.

జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ 1991 నాటికి బయటివారికి అందుబాటులోనికి వచ్చెను. ఆదిలో సైట్లు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. 1993లో మొజాయిక్ బ్రౌజరును తయారుచేసిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు కేంద్రము, కొత్తగా వెలసిన సైట్ల పేర్లను ప్రకటించుటకు ఒక పుటను నడిపెను. ఆ ఒక్క పుటను చదివినవారికి వెబ్‌పై ఏమేమి చేరినదో తెలిసిపోయెడిది. కొన్నేండ్లకే సైట్ల సంఖ్య ఉప్పెనవలె పెరిగి ఆ పుట నిలిచిపోయెను. ఊరిలో పది ఇండ్లున్నపుడు ఎవరింట ఏమి జరిగినదో రచ్చబండ చెంతనే తెలియును. ఊరు నగరమైన పిమ్మట అది సాగదు.

పాఠకుడు వచ్చునంతవరకు వేచియుండనేల, వార్తనే అతని బల్లపైకి తోయుదమని కొందరు వర్తకులు తలచిరి. 1996లో వెలువడిన పాయింట్‌కాస్ట్ అను ప్రోగ్రాము ఇట్టిదే. కంప్యూటరు పనిలేక ఉన్నపుడు దాని తెరపై వార్తలు, వాతావరణ విశేషములు, వాటాల ధరలు, వానితోపాటు ప్రకటనలు కదలుచుండెడివి. పత్రికలు దీనిని ఆకాశమునకెత్తినవి. రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ కార్పొరేషన్ ఆ సంస్థను 45 కోట్ల డాలర్లకు కొనజూచినదని 1997లో వార్తలు వచ్చినవి. కాని ఒక కార్యాలయమున వందమంది ఉద్యోగుల కంప్యూటర్లు వేర్వేరుగా అవే వార్తలను తెచ్చుకొనుటచే ఆ కార్యాలయపు తంత్రులన్నియు నిండిపోయెడివి. అనేక సంస్థలు దానిని నిషేధించినవి. పాఠకులకును విసుగు పుట్టెను. పూర్వము గ్రామములలో తప్పెట కొట్టి చాటింపు వేసెడివారు. అవసరమైనపుడు చాటింపు మేలే, కాని తప్పెట పగలు రాత్రి వాకిట మ్రోగినచో ఎవరు సహింతురు? 1999లో పాయింట్‌కాస్ట్ సుమారు 70 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. మైక్రోసాఫ్ట్ 1997లో తన బ్రౌజరునందు ప్రవేశపెట్టిన 'చానెళ్లు' సైతము ఎక్కువకాలము ఆదరణ పొందలేదు. అయినను ఆ ప్రయత్నము ఒక మంచి జాడను విడిచెను: సైటులోని విషయముల జాబితాను యంత్రము చదువగల చిన్న ఫైలుగా వ్రాసి ఉంచుట.

ఆ జాడను పట్టి ముందునకు పోయినవారిలో ఒక భారతీయుడు గలడు. రామనాథన్ గుహ మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. ఆపిల్ సంస్థలో ఉండగా, ఒక సమాచారమును గురించిన సమాచారమును యంత్రములకు తెలియునట్లు వ్రాయు పద్ధతి నొకదానిని రూపొందించెను. గ్రంథాలయమున పుస్తకము వేరు, పుస్తకమును గురించిన కార్డు వేరు. గుహ ఆలోచించినది ఆ కార్డును గురించియే. 1997లో ఆయన నెట్‌స్కేప్ సంస్థకు మారి, టిమ్ బ్రే అను నిపుణునితో కలసి తన పద్ధతిని ఎక్స్.ఎం.ఎల్. అను కొత్త లిపి కట్టుబాటులోనికి తెచ్చెను. ఈ కృషి నుండియే ఆర్.డి.ఎఫ్. అను వర్ణనా విధానము పెరిగినది.

నెట్‌స్కేప్ ఆ కాలమున 'మై నెట్‌స్కేప్' అను ద్వారపుటను నడుపుచుండెను. పాఠకుడు తనకిష్టమైన సైట్ల పెట్టెలను ఆ పుటపై అమర్చుకొనవచ్చును. ఆ పెట్టెలను నింపుటకు ఆయా సైట్ల వారు తమ తాజా శీర్షికలను ఒక నియమిత రూపమున అందజేయవలెను. గుహ, డాన్ లిబ్బీ కలసి సిద్ధపరచిన ఆ రూపము 1999 మార్చిలో ఆర్.ఎస్.ఎస్. 0.90 అను పేర వెలువడెను. అదే సంవత్సరము జూలైలో లిబ్బీ దానిని సులభపరచి 0.91గా మార్చెను. డేవ్ వైనర్ అను ప్రోగ్రాము కర్త తన సైటుకై 1997 డిసెంబరు నుండి వాడుచుండిన ఇట్టి రూపములోని అంశములు కొన్ని అందులో చేరినవి. నెట్‌స్కేప్ ఉద్దేశము లోకోపకారము కాదు; తన ద్వారపుటకు జనమును రాబట్టుకొనుటయే. కాని ఫైలు ఎవరి సైటులో ఉన్నదో వారిదే, దానిని ఎవరైనను తెచ్చుకొనవచ్చును. కనుక నెట్‌స్కేప్ ద్వారపుటతో పనిలేకయే ఇతరులు ఆ ఫైళ్లను చదువు ప్రోగ్రాములు వ్రాయసాగిరి.

ఆ ఫైలులో ఏమున్నదో విద్యార్థులు తెలిసికొనుట మంచిది; అందులో గుప్తవిద్య ఏమియు లేదు. ఒక ఉన్నత పాఠశాల విజ్ఞాన సంఘమువారు తమ సైటులో "జనవరి ఉల్కాపాతము" అను వ్యాసము చేర్చినారనుకొన్నచో, వారి ఫీడు ఫైలు పైభాగమున ఆ సైటు పేరు, చిరునామా, ఒకటి రెండు పంక్తుల వర్ణన ఉండును. ఈ మొత్తమునకు 'చానెల్' అని పేరు. దాని లోపల ఒక్కొక్క వ్యాసమునకు ఒక 'ఐటెమ్'. ఐటెమ్‌లో వ్యాసపు శీర్షిక, అది దొరకు లింకు, సారాంశము, ప్రకటించిన తేదీ ఉండును. ఒక్కొక్క అంశము మొదట దాని పేరును, తుదను మరల ఆ పేరునే కోణపు కుండలీకరణములలో వ్రాయుదురు. అందుచే ఎచట ఏది మొదలగునో, ఎచట ముగియునో యంత్రము పొరపడదు. కొత్త వ్యాసము పైన చేరును. పాతవి క్రిందికి జరిగి కొంతకాలమునకు జారిపోవును. 0.91 రూపమున పదునైదు ఐటెమ్‌లకు మించి ఉండరాదను నియమము ఉండెను.

పాఠకుని కంప్యూటరులోని 'ఫీడ్ రీడరు' అను ప్రోగ్రాము నియమిత కాలమునకొకసారి ఈ ఫైలును అడిగి తెచ్చుకొనును. తన వద్దనున్న పాత జాబితాతో పోల్చి, కొత్త ఐటెమ్‌లను మాత్రము "చదువనివి" అని చూపును. ఇందులో ఒక సూక్ష్మము కలదు. వార్త పాఠకుని ఇంటికి నడచి వచ్చినట్లు కనబడునే గాని, నిజమునకు అతని ప్రోగ్రామే అతని తరపున పోయి చూచి వచ్చుచున్నది. తపాలా చందాదారుని పేరు, చిరునామా పత్రికవారి వద్ద ఉండును. ఫీడు చదువువాడు తన పేరు చెప్పనక్కరలేదు, ఈ-మెయిలు చిరునామా ఇయ్యనక్కరలేదు, డబ్బు కట్టనక్కరలేదు. మానుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. తన జాబితా నుండి ఒక పంక్తిని తీసివేసిన చాలును.

అయితే మాటిమాటికి పోయి అడుగుటవలన సైటుపై భారము పడదా? పడును. ఒక ఫీడును 10,000 మంది చదువుచు, ఒక్కొక్కరి ప్రోగ్రాము అరగంటకొకసారి అడిగినచో దినమునకు 4,80,000 అభ్యర్థనలు వచ్చును. ఫైలు 50 కిలోబైట్లున్నచో దినమునకు సుమారు 24 గిగాబైట్లు పంపవలెను; అందులో అధికభాగము పాఠకుని వద్ద అప్పటికే ఉన్నదే. దీనికి విరుగుడు వెబ్ నియమములలోనే కలదు. సర్వరు ఫైలుతోపాటు దానికొక గుర్తుముద్రను, చివర మార్పు జరిగిన కాలమును పంపును. ప్రోగ్రాము మరుసటి మారు వచ్చినపుడు ఆ గుర్తును చూపి, "దీని తరువాత మార్పు కలదా?" అని అడుగును. లేనిచో సర్వరు 304 అను సంఖ్యను మాత్రము బదులిచ్చి ఊరకుండును. ఫైలు కదలదు. 2018లో వెబ్ ప్రమాణముల సంఘము ఆమోదించిన వెబ్‌సబ్ అను పద్ధతిలో ఈ ప్రశ్నలు సైతము తగ్గినవి: కొత్త వ్యాసము చేరగానే సైటు ఒక మధ్యస్థ కేంద్రమునకు కబురు పెట్టును, ఆ కేంద్రము, కోరిన ప్రోగ్రాములకు తెలియజేయును.

ఇంత చిన్న ఫైలును గురించి పెద్ద కలహము రేగెను. నెట్‌స్కేప్‌ను అమెరికా ఆన్‌లైన్ సంస్థ కొనివేసిన పిదప ఈ పని అనాథ అయినది. 2001 ఏప్రిల్ నాటికి మై నెట్‌స్కేప్ నుండి ఆర్.ఎస్.ఎస్. సౌకర్యమును, దానిని వివరించు పత్రములను సైతము తొలగించిరి. తండ్రి విడిచిన బిడ్డను ఇద్దరు పెంపకమునకు తీసికొనిరి. ఒకవంక వైనర్, అతని మతమున ఫీడు ఎంత సులభమైన అంత మేలు, పల్లెటూరి బ్లాగరి సైతము చేతితో వ్రాసికొనగలుగవలెను. రెండవవంక రేల్ డార్న్‌ఫెస్ట్, గుహ మొదలైనవారు గల కార్యవర్గము. వారి మతమున ఫీడు ముందుముందు ఎన్నో కొత్త విషయములను తనలో చేర్చుకొనగలుగునట్లు ఆర్.డి.ఎఫ్. పునాదిపైననే నిలువవలెను. 2000 డిసెంబరులో ఈ కార్యవర్గము ఆర్.ఎస్.ఎస్. 1.0ను ప్రకటించెను. ఆ నెలలోనే వైనర్ 0.92ను ప్రకటించెను. సంఖ్యలను చూచినవారు మొదటిది రెండవదానికి తరువాతి కూర్పని భ్రమింతురు. అవి రెండును వేర్వేరు వంశములు.

కార్యవర్గపు సభ్యులలో ఆరన్ స్వార్ట్జ్ ఒకడు. 1.0 వెలువడునాటికి అతని వయస్సు పదునాలుగేండ్లు. ఉత్తరప్రత్యుత్తరములన్నియు ఈ-మెయిలు మూలముననే జరుగుటచే, పని తెలిసినవాడైన చాలును, వయస్సు అడ్డురాలేదు. ఉన్నత పాఠశాలలో చదువవలసిన ఈడున ప్రపంచమంతయు వాడు ప్రమాణ పత్రముపై తన పేరు నిలుపుకొన్న ఆ బాలుడు, తరువాత జ్ఞానము అందరికి అందుబాటులో ఉండవలెనను ఉద్యమమున ప్రసిద్ధుడై, 2013 జనవరిలో 26వ యేటనే కన్నుమూసెను.

మూడక్షరముల పేరునకు సైతము ఏకాభిప్రాయము కుదరలేదు. ఆదిలో అది 'ఆర్.డి.ఎఫ్. సైట్ సమ్మరీ'; 0.91లో ఆర్.డి.ఎఫ్. పోయిన తరువాత 'రిచ్ సైట్ సమ్మరీ'. వైనర్ వాడుకలో 'రియల్లీ సింపుల్ సిండికేషన్', అనగా నిజముగా సులభమైన పంపిణీ. 2002 సెప్టెంబరులో వైనర్ 2.0 కూర్పును ప్రకటించెను. మరుసటి సంవత్సరము జూలైలో దాని హక్కులను హార్వర్డ్ న్యాయ కళాశాలలోని బెర్క్‌మన్ కేంద్రమునకు అప్పగించెను. ఆ పత్రమున ఇకపై ఈ రూపము మారదని వ్రాసియున్నది. ఇది మొండితనమని కొందరు నిందించిరి. కాని ఇరువదేండ్లు గడచిన పిమ్మట చూచినచో ఆ స్థిరత్వమే దానిని బ్రతికించినదని చెప్పవలెను.

స్థిరమైన మాట నిజమే గాని 2.0 స్పష్టమైనది కాదు. శీర్షికలో హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులు ఉండవచ్చునా లేదా అను సంగతిని ఆ పత్రము తేల్చి చెప్పలేదు. ఒక గణితోపాధ్యాయుడు 'ఏ' అను రాశి 'బి'కన్న చిన్నదని ఆంగ్లాక్షరములతో, గణిత చిహ్నముతో శీర్షిక వ్రాసినాడనుకొన్నచో, చిన్నది అను చిహ్నము కోణపు కుండలీకరణమువలెనే ఉండును. దాని తరువాత 'బి' అక్షరము వచ్చును. ఆ రెండును కలసినచో హెచ్.టి.ఎం.ఎల్. భాషలో "ఇక్కడినుండి అక్షరములు బొద్దుగా" అను ఆజ్ఞకు ప్రారంభము. ఒక రీడరు శీర్షికను ఉన్నదున్నట్లు చూపును. ఇంకొకటి సగము మ్రింగివేయును. రెండును తాము నియమము తప్పలేదనియే వాదించును. మార్క్ పిల్‌గ్రిమ్ అను ప్రోగ్రాము కర్త 2004లో లెక్కించి, ఒకదానితో నొకటి పొసగని ఆర్.ఎస్.ఎస్. రూపములు తొమ్మిది ఉన్నవని చూపెను.

ఈ గందరగోళమును చూచి 2003 జూన్‌లో సామ్ రూబీ కొత్తరూపమునకు బహిరంగ చర్చ ప్రారంభించెను. కలహములో పాల్గొన్నవారికిని, విసిగి దూరమైనవారికిని అందులో సమానముగా చోటు దొరకెను. మొదట పేరు కుదరక మారుచు వచ్చి తుదకు 'ఆటమ్' అని నిలిచెను. ఇంటర్నెట్ ప్రమాణములను నిర్ణయించు ఐ.ఇ.టి.ఎఫ్. సంస్థ దీనిని పరిశీలించి 2005 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి. 4287 అను పత్రముగా ప్రకటించెను. ఆటమ్‌లో ప్రతి వ్యాసమునకు మూడు అంశములు తప్పనిసరి: ఎన్నటికి మారని గుర్తింపు, శీర్షిక, చివర సవరించిన కాలము. శీర్షిక ఉత్త పాఠమా, హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులు గలదా అను సంగతి అచటనే వ్రాయవలెను. గణితోపాధ్యాయుని చిక్కు ఒక్క మాటతో తీరినది. ఆటమ్ మెరుగైనదే, అయినను ఆర్.ఎస్.ఎస్.ను తొలగింపలేకపోయెను. రీడరు ప్రోగ్రాములు రెండింటిని చదువ నేర్చినవి, పాఠకునికి భేదము తెలియకపోయెను.

పండితులు వాదించుకొనుచుండగనే ఫీడు లోకమున వ్యాపించెను. న్యూయార్క్ టైమ్స్ 2002లో ఫీడులు ప్రారంభించెను. బ్లాగు నడుపు సాధనములు వ్యాసము ప్రకటించినంతనే ఫీడును తమంతట తామే తయారుచేయసాగినవి. కనుక తన బ్లాగునకు ఫీడు ఉన్నదని తెలియని బ్లాగరులే అధికసంఖ్యాకులైరి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వారు వాడిన నారింజరంగు గుర్తును (ఒక చుక్క, దానిపై రెండు వంపు గీతలు) 2005 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సైతము స్వీకరించుటచే అది అందరి గుర్తు అయినది.

2000 డిసెంబరు నాటి 0.92లో వైనర్ చేర్చిన ఒక చిన్న అంశము ఆ కాలమున ఎవరికిని ముఖ్యముగా తోచలేదు. ఐటెమ్‌తో ఒక శబ్దపు ఫైలును జతపరచి, దాని చిరునామాను, పరిమాణమును, రకమును తెలుపు 'ఎన్‌క్లోజర్' అది. పూర్వము టెలివిజన్ వ్యాఖ్యాతగా ప్రసిద్ధుడైన ఆడమ్ కర్రీ దానిని కోరి, ప్రోత్సహించెను. 2003లో క్రిస్టఫర్ లైడన్ అను పత్రికా రచయిత చేసిన సంభాషణలు ఇట్లు ఫీడులో వెలువడినవి. 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ ఈ కొత్త వ్యాపకమునకు తోచిన పేర్లలో 'పాడ్‌కాస్టింగ్' అను దానిని వ్రాసెను. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టుల జాబితాకు చోటిచ్చెను. రేడియో కేంద్రము, ప్రసార అనుమతి, తరంగదైర్ఘ్యము ఏవియు లేక ఒక వ్యక్తి మాటలు వేలమందికి క్రమముగా చేరుటకు మార్గమేర్పడినది.

తెలుగువారికి ఫీడులతో పరిచయము బ్లాగుల మూలమున కలిగెను. ఎక్స్.ఎం.ఎల్. ఫైలులు యూనికోడ్‌ను ఆధారముగా చేసికొన్నవి. యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నాటి మొదటి కూర్పు నుండియు కలదు. కనుక యూనికోడ్ తెలుగులో వ్రాసిన బ్లాగు ఫీడు హైదరాబాదులోను, అమెరికాలోను ఒక్కతీరున చదువ వీలగును. ఆ కాలమున కొన్ని తెలుగు దినపత్రికల సైట్లు యూనికోడ్ గాక తమ సొంత అక్షరకూర్పులను వాడెడివి. ఫీడులో పోవునది పాఠమే గాని అక్షరకూర్పు కాదు. అందుచే అట్టి పాఠము రీడరులో అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడెడిది. పెద్ద పత్రికలు చేయలేని పనిని అందువలన చిన్న బ్లాగులు ముందుగా చేసినవి.

2005 తరువాతి సంవత్సరములలో తెలుగు బ్లాగుల ఫీడులన్నిటిని ఒకచో చేర్చు సైట్లు వెలసినవి. కూడలి, జల్లెడ, హారము అనునవి వానిలో కొన్ని. వీనికి బ్లాగరులు 'సంకలిని' అను చక్కని పేరు పెట్టుకొనిరి. బెంగుళూరులోని ఉద్యోగి, అమెరికాలోని విద్యార్థి, కృష్ణా తీరమున విశ్రాంతి తీసికొను ఉపాధ్యాయుడు వ్రాసిన టపాలు సంకలినిలో వచ్చిన వరుసనే ఒకదాని క్రింద ఒకటి కనబడెడివి. ఎవరు గొప్పవారు, ఎవరు కారు అని సంకలిని చూడదు. పావుగంట క్రితము వ్రాసినవాడు పైన, గంట క్రితము వ్రాసినవాడు క్రింద, అంతే. వెబ్‌పై వ్యావహారిక తెలుగు రచనకు కొందరు అలవాటు పడినది ఈ పంక్తులలోనే.

ఇంగ్లీషు పాఠకులకు ఇట్టి రచ్చబండ గూగుల్ రీడర్. 2005 అక్టోబరులో వెలువడిన ఈ సాధనము ఉచితము, వేగము గలది. ఏ కంప్యూటరు నుండి చూచినను ఎంతవరకు చదివినదో జ్ఞాపకముంచుకొనును. దాని ధాటికి పూర్వమునుండి ఉన్న పెక్కు రీడరులు వెనుకబడినవి. ఒక్క మర్రి నీడన ఇతర మొక్కలు పెరుగవు. 2013 మార్చి 13వ తేదీన, వాడుక తగ్గినదని చెప్పుచు, గూగుల్ దానిని మూసివేయనున్నట్లు ప్రకటించెను. లక్షకు పైగా జనులు వినతిపత్రముపై సంతకములు చేసిరి, ఫలితము లేకపోయెను. జూలై 1న అది మూతపడినది.

ఇచట గమనింపదగిన విషయము ఒకటి కలదు. గూగుల్ రీడర్ పోయినను పాఠకుల ఫీడులు పోలేదు. ఫీడు ఆయా సైట్లలో ఉన్నది. పాఠకుని వద్దనుండవలసినది చిరునామాల జాబితా మాత్రమే. ఆ జాబితాను ఓ.పి.ఎం.ఎల్. అను ఫైలుగా తీసికొని పోయి వేరొక రీడరుకు ఇచ్చినచో క్షణములో అన్నియు యథాస్థానమున నిలుచును. ఫీడ్లీ అను రీడరు మూసివేత ప్రకటన వెలువడిన రెండు దినములలో తమకు 5 లక్షల కొత్త పాఠకులు చేరిరని తెలిపెను. ఒక సామాజిక మాధ్యమము నుండి ఇంకొకదానికి పోవువాడు తన మిత్రుల జాబితాను ఇట్లు మూటగట్టుకొని పోగలడా?

ఇంతలో లూన్ వారసులు బలపడిరి. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ 'న్యూస్ ఫీడ్' ప్రారంభించెను. పేరులో 'ఫీడు' ఉన్నను వంశము వేరు. అందులో ఎవరి వార్త పైకి రావలెను, ఎవరిది అడుగున పడవలెను అను సంగతిని పాఠకుని గత ప్రవర్తనను బట్టి యంత్రము లెక్కించును. ఆ లెక్క ఏమో పాఠకునికి తెలియదు. లూన్ ఉద్యోగికి తన పట్టిక ఏదో తెలియును, కోరినచో మార్చుకొనును. ఈ కొత్త పట్టికను చూచుటకు వీలులేదు. ప్రకటనలు అమ్ముకొను సంస్థకు పాఠకుడు ఎంతసేపు నిలిచిన అంత లాభము. వచ్చిన కొత్త ఐటెమ్‌లు చదివి ముగించి లేచిపోవు ఫీడు పాఠకునివలన అట్టి లాభము లేదు. ట్విట్టర్ 2013లో తన ఆర్.ఎస్.ఎస్. ఫీడులను నిలిపివేసెను. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోని ఫీడు సౌకర్యము 2018 డిసెంబరు నాటి 64వ కూర్పులో తొలగెను. సాధనము చెడిపోవుటచే గాక, దానివలన ఎవరికిని పెద్ద రాబడి లేకపోవుటచే అది మరుగున పడినది.

యంత్రపు ఎన్నికను పూర్తిగా తోసివేయుట న్యాయము కాదు. దినమునకు వేయి ఐటెమ్‌లు వచ్చిపడు ఫీడును వరుసగా చదువుట ఎవరి తరము? "చదువనివి 1000" అను సంఖ్యను చూచి భయపడి రీడరును మానివేసినవారు ఎందరో కలరు. ఫీడు కొద్ది సైట్లను శ్రద్ధగా అనుసరించువానికి తగిన పనిముట్టు. సముద్రమును వడపోయుటకు కాదు.

మరుగున పడినను ఫీడు పని మానలేదు. పాడ్‌కాస్టు వినువారిలో ఆర్.ఎస్.ఎస్. పేరు వినినవారు తక్కువ. కాని చాలవరకు పాడ్‌కాస్టులు నేటికిని 2.0 ఫైలు, అందులోని ఎన్‌క్లోజర్ మూలముననే పోవుచున్నవి. భౌతిక, గణిత శాస్త్రజ్ఞులు కొత్త పరిశోధన పత్రములను ఉంచు ఆర్కైవ్ భాండాగారము శాఖలవారీగా ఫీడులు ఇచ్చుచున్నది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ భూకంపముల వివరములను ఆటమ్ రూపమున అందజేయుచు వచ్చినది. విపత్తు హెచ్చరికలకై 2004లో ఏర్పడిన అంతర్జాతీయ రూపము సి.ఎ.పి. సైతము సాధారణముగా ఫీడులలో అమర్చబడి ప్రయాణము చేయును.

పాఠశాలలో ఇంటర్నెట్టు గల కంప్యూటరు ఒకటి ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని ప్రత్యక్షముగా చూపవచ్చును. తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసమునకు, దానిలో ఎవరు ఎపుడు ఏ మార్పు చేసిరో తెలుపు 'చరిత్ర' పుట ఒకటి కలదు. ఆ పుటకు ఆటమ్ ఫీడు ఉన్నది. తమ ఊరిని గురించిన వ్యాసమును ఎన్నుకొని, ఆ ఫీడు చిరునామాను ఒక రీడరులో చేర్చినచో, వ్యాసమున ఎవరైన ఒక వాక్యము కలిపినను, ఒక తప్పు దిద్దినను తరగతికి తెలియును. ఆ ఫైలునే మూలరూపమున తెరచినచో మొదటి పంక్తులలో 2005 అను సంవత్సరము, దాని ప్రక్క ఆటమ్ అను పేరు కనబడును. వాని క్రింద వరుసగా గుర్తింపు, శీర్షిక, సవరించిన కాలము, ఆపై ఊరి పేరు తెలుగు అక్షరములలో.